ఫిడేలు నుంచి గిటారు దాకా: బెంగళూరులో ఒక తెలుగు ఇల్లు

మా ఇంట్లో సంగీతం అంటే చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానమే. శ్రీరామసేవా మండలి వారు 1939లో మొదలుపెట్టిన రామనవమి కచేరీలకు మా తాతగారు చిక్కపేటలో కొట్టు కట్టేసి నడుచుకుంటూ వెళ్ళేవారట. పాడేది త్యాగరాజ కృతి అయితే ఇక చెప్పక్కర్లేదు, ఈ ఊళ్ళో మన భాషే పాడుతున్నారని ఆయనకు గొప్ప గర్వం. పానకం, కోసంబరి సరేసరి. కంటోన్మెంటు వైపు, అంటే బ్రిగేడ్ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు చుట్టూ వినిపించే సంగీతం మాత్రం మాది కాదనుకునేవాళ్ళం. గిటారు పట్టుకున్న పిల్లవాడు చదువు చెడినవాడి కింద లెక్క.

ఆ లెక్క తప్పని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తీరు కూడా విచిత్రమే. ముగ్గురు మనుషులు మూడు ముక్కలు చెప్పారు, అవి ఒకే ఇంటివని మేము అతికించుకోవడానికి ఏళ్ళు పట్టింది.

మొదటి ముక్క తెలుగు మాస్టారిది. మన రామనవమి కచేరీలు మొదలైన ఆ 1939లోనే నెల్లూరు కుర్రవాడొకడు "ఫిడేలు రాగాల డజన్" అని ఓ పలచటి కవితల పుస్తకం వేశాడు. పేరులోనే రెండు ఇంగ్లీషు మాటలు! ఛందస్సు మీద తిరగబడి, మద్రాసు పట్నాన్నీ, అక్కడి రోడ్లనూ, ఆధునిక స్త్రీనీ వచన పద్యంలోకి లాక్కొచ్చిన ఆ పుస్తకానికి శ్రీశ్రీ ముందుమాట రాశారు. పండితులు మండిపడ్డారు. కవి పేరు పఠాభి, అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. మాకు పాఠంలో అక్కడితోనే సరి. ఆ తరవాత ఆయన ఏమయ్యారో ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళోనే ఉన్నారని అసలే చెప్పలేదు.

రెండో ముక్క మా పక్కింటి కన్నడం వాళ్ళది. కన్నడ సినిమా గతి మార్చిన "సంస్కార" (1970) గురించి వాళ్ళు దేవుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. యు.ఆర్. అనంతమూర్తి నవల, గిరీశ్ కర్నాడ్ స్క్రీన్‌ప్లే. కర్నాడ్, పి. లంకేశ్ నటించారు. ఛాయాగ్రహణం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్, కళ చిత్రకారుడు ఎస్.జి. వాసుదేవ్. సంగీతం ఇచ్చినాయన సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్. అగ్రహారంలో కులాచారాన్ని నిలదీసిందని సెన్సారు వాళ్ళు మొదట అడ్డుపడ్డారు, చివరికి అదే సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. దర్శకుడు, నిర్మాత ఎవరయ్యా అంటే మన పట్టాభిరామిరెడ్డి గారే. చంద్రి వేషం వేసింది ఆయన భార్య స్నేహలత. పేరుకు కన్నడ సినిమాయే గానీ అందులో ఎన్ని భాషలవాళ్ళు, ఎన్ని విద్యలవాళ్ళు కలిశారో చూడండి. కవి, చిత్రకారుడు, సరోద్ వాయించేవాడు, నాటకాల మనిషి ఒకే చోట కూర్చోవడం ఆనాటి బెంగళూరుకు అలవాటు. ప్రత్యామ్నాయ సంస్కృతి అని ఇప్పుడు పెద్ద పేరు పెడుతున్నాం గానీ, అప్పుడది నాలుగు ఇళ్ళు, రెండు కాఫీ హోటళ్ళు, అంతే.

మూడో ముక్క మా చిన్నాన్న కొడుకుది. వాడికి గిటారు పిచ్చి. బెంగళూరు గిటారు వాయిద్యం అంటే కోణార్క్ రెడ్డి అని వాడు చెప్పేవాడు. ఎవరబ్బాయో వాడికి తెలియదు, మాకూ తెలియదు. ఆయన పట్టాభిరామిరెడ్డి, స్నేహలతల కొడుకు. తండ్రి పుస్తకానికి ఫిడేలు పేరు పెట్టుకుంటే, కొడుకు గిటారు పట్టుకున్నాడు.

ఈ మూడు ముక్కల మధ్య ఒక నాలుగో ముక్క ఉంది. అది మా ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

స్నేహలత మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందాన్ని నిలబెట్టినవారిలో ఒకరు. భార్యాభర్తలిద్దరూ లోహియా సోషలిస్టులు, జార్జ్ ఫెర్నాండెజ్‌కు స్నేహితులు. ఎమర్జెన్సీలో ఆయన కోసం వేట సాగుతుండగా, 1976 మే 2న స్నేహలతను అరెస్టు చేశారు. బరోడా డైనమైట్ కేసు అన్నారు గానీ, చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు ఉంచారు. ఆమెకు ఉబ్బసం. ఆయాసం వచ్చినా సరైన వైద్యం అందలేదు. అదే జైల్లో ఉన్న మధు దండావతే, రాత్రిపూట ఆమె కేకలు వినిపించేవని తరవాత రాసుకున్నారు. జైల్లో ఆమె రాసుకున్న డైరీ తరవాత అచ్చయింది. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న చనిపోయారు. ఎన్నికలు జరుపుతామని ఇందిరాగాంధీ ప్రకటించింది జనవరి 18న.

ఆ జైలు మా కొట్టుకు అరగంట నడక. మా తాతగారికి ఆ కబురు తెలిసిందనీ, ఇంట్లో మాట్లాడవద్దన్నారనీ మా అత్తయ్య ఈ మధ్యనే చెప్పింది. "వ్యాపారం చేసుకునేవాళ్ళం, మనకెందుకమ్మా" అన్నారట. ఆయన్ని ఇప్పుడు తప్పుపట్టడం తేలిక, మేము ఆ పని చెయ్యం. కానీ తెలుగువాళ్ళం కదా అని త్యాగరాజ కృతికి అంత మురిసిపోయిన మనిషికి ఈ తెలుగావిడ పేరు మాత్రం బరువైంది. ఇది దాచిపెట్టి మా కుటుంబ చరిత్ర రాయడం మాకు ఇష్టం లేదు.

ఆ తరవాతి కథ చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాం. 1980ల చివర పబ్బులు వచ్చాయి. పెకోస్ లాంటి చోట్ల టేపుల్లో రాక్ పాటలు వింటూ ఒక తరం పెరిగింది. 1990ల నుంచి ఆగస్టు 15 దరిదాపుల్లో ఫ్రీడమ్ జామ్ పేరిట ఉచిత కచేరీలు, లా స్కూలు పిల్లల స్ట్రాబెర్రీ ఫీల్డ్స్, థర్మల్ అండ్ ఎ క్వార్టర్ లాంటి సొంత పాటల బ్యాండ్లు. ప్యాలెస్ గ్రౌండ్స్‌కు 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వచ్చాయి. మా చిన్నాన్న కొడుకు ఐరన్ మెయిడెన్‌కు వెళ్ళి మూడు రోజులు గొంతు పోగొట్టుకున్నాడు. అప్పటికి ఐటీ ఉద్యోగాలకు ఆంధ్రా నుంచి వేల మంది వచ్చి చేరారు. గిటారు అంటే చదువు చెడడం అనే మాట మా ఇళ్ళలో మెల్లగా పోయింది.

అయితే పెద్ద కచేరీల సంగతి వేరు, వారం వారం నలభై మంది ముందు వాయించే చిన్న చోటు సంగతి వేరు. రెండోది లేకపోతే కొత్తవాడు నేర్చుకునేదెక్కడ? ఆ చిన్న చోటుకే దెబ్బ తగిలింది. ఈ ఊళ్ళో "లైవ్ బ్యాండ్" అనే మాటకు ఒకప్పుడు బార్లలో ఆడవాళ్ళ చేత ఆడించి పాడించడం అనే అర్థం స్థిరపడింది. వాటిని అదుపు చెయ్యాలని 2005లో పోలీసు శాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. దాన్ని 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో ఆ ఏడాది మధ్యలో, మూల కూర్చుని గిటారు వాయించే కుర్రవాడున్న హోటలుకు కూడా లైసెన్సు అడిగారు. లైసెన్సుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కావాలి. పాత కట్టడాలు చాలావాటికి అది ఉండదు. చాలా చోట్ల పాట ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, ఇందిరానగర్‌లో రాత్రి మోతకు నిద్రపోలేని ముసలివాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ శబ్దం ఎంతో కొలవడం ఒకటి, కట్టడం కాగితాలు అడగడం ఇంకొకటి.

సెంట్రల్ జైలు పరప్పన అగ్రహారానికి తరలిపోయాక, ఆ పాత చోటును 2008లో ఫ్రీడమ్ పార్కుగా తెరిచారు. కాపలా బురుజు, కొన్ని బ్యారకులు అలాగే ఉంచారు. 2021 నాటి మరో పోలీసు ఉత్తర్వుతో, నగరంలో నిరసన తెలపాలంటే అక్కడే తెలపాలి. పోయిన నెల అక్కడికి వెళ్ళినప్పుడు ఒక మూల ఎవరో కుర్రాళ్ళు డప్పు వాయిస్తూ పాడుతున్నారు, పక్కనే పోలీసు వ్యాను. మా అత్తయ్య బ్యారకుల దగ్గర చాలాసేపు నిలబడింది. ఆమె ఏ గదిలో ఉండేదని అడిగింది. అక్కడున్న కాపలాదారుకు ఆ పేరు తెలియదు.

పట్టాభిరామిరెడ్డి గారు 2006 మేలో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. మన చుట్టాల్లో ఎవరైనా "సంస్కార"ను విడుదలైనప్పుడే చూసి ఉంటే, టికెట్టు ముక్కో, కరపత్రమో, ఉత్త జ్ఞాపకమో ఉంటే మాకు రాయండి. ఆనాడు ఇంట్లో ఏమనుకున్నారో అదీ రాయండి, మంచైనా చెడైనా.