పండుగ తీపి – ఒంటి బరువు: చరిత్ర చెప్పే లెక్క

రంజాన్ పండుగ వెళ్ళిన వారం రోజులకు మన ఇళ్ళలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "నెల రోజులు రోజాలుండి తగ్గిన బరువంతా మూడు రోజుల్లో తిరిగొచ్చేసింది" అని. డాక్టరు బరువు తగ్గించుకోమన్నవారి ఇబ్బంది ఇంకొక రకం. పండుగనాడు ఏ ఇంటికి వెళ్ళినా షీర్ ఖుర్మా కప్పు చేతిలో పెడతారు. వద్దంటే "మా ఇంటి తీపి మీకు పనికిరాదా చాచా?" అంటారు. తింటే షుగరు, తినకపోతే మనస్పర్థ. ఈ ఇరకాటం నుండి బయటపడే దారి మన చరిత్రలోనే ఉన్నదని మా నమ్మకం. ఆ సంగతి ఈ సంచిక పాఠకులకు నాలుగు మాటల్లో మనవి చేసుకుంటున్నాము.

ముందుగా పేర్ల సంగతి. తెలుగులో చక్కెర, ఉర్దూలో షక్కర్. రెండూ సంస్కృతంలోని 'శర్కర' పిల్లలే. ఆ మాటే పారశీకం మీదుగా అరబ్బీలోకి వెళ్ళి 'సుక్కర్' అయింది, అక్కడ నుండి యూరపు భాషలకు పాకింది. మన 'ఖండ' అనే మాట పారశీకంలో 'కంద్' అయింది. మరి మనం ఇళ్ళలో వాడే 'మిస్రీ' అనగా ఈజిప్టుది అని అర్థం. 'చీనీ' అనగా చీనా దేశానిది. మన దేశంలో పుట్టిన విద్య దేశాలు తిరిగి, కొత్త పేర్లు పెట్టుకుని మళ్ళీ మన గుమ్మంలోకి వచ్చిందన్నమాట. క్రీ.శ. 647లో చీనా చక్రవర్తి తాయ్‌జుంగ్ చక్కెర వండే పద్ధతి నేర్చుకురమ్మని మగధకు మనుషులను పంపినాడు. ఒక దేశపు చక్రవర్తి మనుషులను పంపి నేర్చుకోవలసినంత అపురూపమైన వస్తువు అది.

ఎంత అపురూపమో ధరలు చూస్తే తెలుస్తుంది. అక్బరు పాదుషా కాలంలో, 16వ శతాబ్దం చివర, అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో బజారు ధరలు ఉన్నాయి. మణుగు గోధుమలు 12 దాములు. మణుగు తెల్ల చక్కెర 128 దాములు. అనగా గోధుమలకంటే చక్కెర పది రెట్లకు పైగా ప్రియం. ఆ రోజుల్లో మామూలు కూలివాని దినకూలి 2 దాములు. మణుగుకు 40 సేర్లు కాబట్టి, ఒక్క సేరు తెల్ల చక్కెర కొనాలంటే ఒకటిన్నర రోజు కూలి పెట్టినా చాలదు. ఆ సేరు మన లెక్కలో సుమారు 630 గ్రాములు మాత్రమే. నేడో? గోధుమపిండి, పంచదార కిలో ధరలు దాదాపు సమానం. ఒక రోజు కూలి డబ్బుతో ఐదు కిలోలకు తక్కువ రాదు.

మా వాదనంతా ఈ లెక్కలోనే ఉంది. మన పూర్వులు మనకంటే నిగ్రహం గలవారు కాబట్టి పండుగనాడే తీపి తిన్నారని అనుకోనక్కరలేదు. వారికి ధరే కంచె కట్టింది. ఏడాదికి రెండు మూడు సార్లు ఆ కంచె తలుపు తెరుచుకునేది, దానినే పండుగ అన్నారు. ఇప్పుడు కంచె పడిపోయింది. పండుగ మాత్రం అలాగే నిలిచింది.

ఈ కంచె ఎలా పడిందో మన చుట్టుపక్కలనే చూడవచ్చు. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరం తాలూకా చెరకుకు పెట్టింది పేరు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు సంగతి చెప్పేదేముంది! అక్కడ చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది. అయితే చాలాకాలం మన పల్లెల్లో తీపి అంటే బెల్లమే. సంక్రాంతి అరిసె బెల్లంతోనే, పీర్ల పండుగ పానకం బెల్లంతోనే. తెల్ల పంచదార పెద్దవాళ్ళ ఇంటి వస్తువు.

1932లో ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టం చేసి విదేశీ చక్కెర మీద సుంకం వేసింది. అంతకుముందు దేశం మొత్తం మీద సుమారు 30 ఉన్న ఆధునిక ఫ్యాక్టరీలు నాలుగైదు ఏళ్ళలో 130 దాటాయి. 1933లో మన ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిన ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. దేశంలో అటువంటివాటిలో అది తొలి తరానిది. స్వాతంత్ర్యం వచ్చాక చోడవరం పేరు మీదనే గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. మన పిల్లల చదువులకు, పెళ్ళిళ్ళకు ఆ చెరకు డబ్బే ఆధారమైన ఇళ్ళు ఎన్నో. కాబట్టి చక్కెరను తిట్టే హక్కు ఈ ప్రాంతం వాళ్ళకు లేదు. మేము తిట్టబోవడమూ లేదు.

సరిగ్గా ఆ 1930లలోనే ఇంకొకటి జరిగింది. తేయాకు వ్యాపారులు దేశమంతటా ప్రచారం మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లలో, బజార్లలో, ఊరూరా టీ కాచి చూపించి అలవాటు చేశారు. చవక పంచదార, టీ చేయి చేయి పట్టుకుని ఒకేసారి మన వంటింట్లో కాలు పెట్టాయి. మధ్యలో యుద్ధకాలపు కంట్రోలు, ఆ తరువాత రేషను కార్డు కొన్నాళ్ళు అడ్డుకట్ట వేశాయి. కార్డు మీద వచ్చే పంచదారలోంచి గుప్పెడు గుప్పెడు దాచి పండుగకు ఉంచుకున్న తల్లులు ఆ రోజుల్లో ఎందరో. 2013లో లెవీ చక్కెర పద్ధతి కూడా పోయింది. 2015లో మన రాష్ట్ర ప్రభుత్వం 'రంజాన్ తోఫా' పేరిట ఇచ్చిన సంచిలో 5 కిలోల గోధుమపిండి, 2 కిలోల పంచదార, ఒక కిలో సేమియా, 100 గ్రాముల నెయ్యి ఉన్నాయి. ఒకప్పుడు ఒకటిన్నర రోజు కూలికి మించిన వస్తువు రెండు కిలోలు ఉచితంగా ఇంటికి వచ్చింది. కంచె కథ అక్కడితో పూర్తి.

ఇక పాదుషా వంటశాలలోకి తొంగి చూద్దాం. 'ఆయినె అక్బరీ' వంటల పాళ్ళు కూడా చెబుతుంది. 'షీర్ బిరంజ్' అనే పాల పాయసానికి పాలు 10 సేర్లు, బియ్యం ఒక సేరు, కలకండ ఒక సేరు. హల్వాకు పిండి, కలకండ, నెయ్యి మూడూ సమానం. ఒకే వంటశాల, రెండు తీపి వంటలు. కానీ ఎంత తేడా! పాయసంలో చక్కెర పన్నెండో వంతు, హల్వాలో మూడో వంతు. మన పక్కనే వంద ఏళ్ళ పైబడి పేరు మోసిన మాడుగుల హల్వా ఉన్నది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార, నెయ్యి పోసి గంటల తరబడి కలియబెట్టి చేస్తారు. హల్వా అరబ్బీ మాట, చేయి మన మాడుగులది. అది కప్పులతో తినేది కాదు, ముక్కతో తినేది. పాళ్ళు తెలిస్తే కొలత దానంతట అదే తెలుస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళ పాళ్ళు చూద్దాం. కొన్ని ఇళ్ళలో పావుకిలో సేమియాకు అరకిలో పంచదార పడుతుంది. దానిని 20 కప్పులకు సర్దితే కప్పుకు 25 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం, విడిగా కలుపుకునే చక్కెర మనిషికి రోజుకు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే మరీ మంచిది. అనగా ఒక్క కప్పుతోనే ఆ రోజు కోటా సరి. ఆరు ఇళ్ళు తిరిగితే 150 గ్రాములు, చక్కెర నుండే 600 క్యాలరీలు. ఇందులో ఖర్జూరం, కిస్మిస్, నెయ్యి లెక్క కలపలేదు.

అదే పాదుషా పాళ్ళలో చేయండి. రెండున్నర కిలోల పాలకు పావుకిలో సేమియా, పావుకిలో పంచదార. కప్పుకు పన్నెండున్నర గ్రాములు అయింది. సగం కప్పు పోస్తే ఆరు గ్రాములు. ఆరు ఇళ్ళు తిరిగినా 40 గ్రాములు దాటదు. ఎవరి మనసూ నొప్పించలేదు, ఏ గుమ్మమూ వదలలేదు. పాలు బాగా మరిగితే, ఖర్జూరం నాని విచ్చుకుంటే సగం తీపి అక్కడే వస్తుంది. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. వంట పేరులో పంచదార ఊసే లేదని గమనించండి!

అయితే పండుగ లెక్క చిన్న లెక్క. పెద్ద లెక్క వేరే ఉన్నది. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు, చెంచాకు 5 గ్రాములు అనుకుంటే రోజుకు 40 గ్రాములు. ఏడాదికి 14 కిలోల 600 గ్రాములు. పండుగ మూడు రోజులూ రోజుకు 150 గ్రాముల చొప్పున తిన్నా అరకిలో కాలేదు. మనం పండుగ కప్పును చూసి భయపడుతున్నాము, మామూలు రోజుల గ్లాసును చూసి భయపడడం లేదు. టీకి ఒక చెంచా తగ్గించినవాడు ఏడాదికి ఏడు కిలోల పైచిలుకు పంచదార మానినట్టే. వాడు ఈద్‌నాడు నిశ్చింతగా కప్పు అందుకోవచ్చు.

"మేము బెల్లమే వాడతాం కదా" అనేవారు మన ప్రాంతంలో ఎక్కువ. బెల్లానికి రుచి ఉంది, ఇనుము కొద్దిగా ఉంది, కాదనము. కానీ బరువు లెక్కలో, షుగరు లెక్కలో పంచదారకు బెల్లానికి చెప్పుకోదగ్గ తేడా లేదు. అది పట్టుకుని రెండు అరిసెలు ఎక్కువ తింటే మోసపోయేది మనమే.

బరువు తగ్గే ఉపాయం కొత్తగా ఎక్కడినుంచో రావలసిన పని లేదు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా, మన హకీములు బూఅలీ సీనా అని గౌరవించే మహానుభావుడు, 'అల్ ఖానూన్' అనే వైద్య గ్రంథంలో ఒళ్ళు తగ్గవలసినవారికి సలహాలు చెప్పినాడు. పరిమాణం ఎక్కువ, పోషణ తక్కువ అయిన ఆహారం తినమన్నాడు. భోజనానికి ముందు స్నానం చేయమన్నాడు. గట్టి వ్యాయామం చేయమన్నాడు. మొదటి మాట నేటి డాక్టరు చెప్పే కూరలు, ఆకుకూరల మాటే. వ్యాయామం మాటా అంతే. మధుమేహంలో మూత్రం తీపిగా ఉంటుందని కూడా ఆయన ఎరుగును; అంతకుముందే మన సుశ్రుతుడూ ఎరుగును.

ఆ జబ్బు నాడు ఎక్కడో ఒకరికి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం. ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మన జాతికి సన్నగా కనబడుతూనే పొట్ట దగ్గర కొవ్వు చేరే తత్వం ఉంది. కాబట్టి కాటా ఒక్కటే చాలదు, టేపు కూడా కావాలి. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతున్నారు.

రోజాల సంగతి కూడా చెప్పాలి. రంజాన్ నెలలో సగటున సుమారు ఒక కిలో తగ్గుతారని, కొద్ది వారాల్లో అది తిరిగి వచ్చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు. రోజా ఇబాదత్ కోసం గానీ బరువు కోసం కాదు. అయినా ఆ నెల మనకు ఒక మేలు చేసి వెళుతుంది. పగటి టీలు నాలుగూ మానినా బతకగలమని రుజువు చేస్తుంది. షవ్వాల్ మొదటి రోజునుండి ఆ నాలుగూ తిరిగి రాకుండా రెండే వస్తే చాలు, తగ్గిన కిలో నిలబడే ఆశ ఉన్నది. ఇఫ్తారులో ఖర్జూరం తరువాత రంగు షర్బత్తు బదులు మంచినీళ్ళు, నూనెలో వేగిన వాటి బదులు పండ్లు, ఉడికించిన శనగలు ఉంటే మరీ మంచిది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం రోజాలకు ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. సొంతంగా మానడం, మింగడం ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపులో ఒక వంతు తిండికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి అని మన పెద్దలు హదీసు చెబుతూ పెంచారు. దానిని పండుగ మర్యాదగా మార్చుకోవలసిన బాధ్యత ఆతిథ్యం ఇచ్చే ఇంటిదే. కప్పులు చిన్నవి పెట్టండి. "ఇంకొంచెం" అని ఒక్కసారే అడగండి, మూడుసార్లు ఒట్లు పెట్టకండి. పెద్దవారికి పాలు ఎక్కువ, పంచదార తక్కువ వేసి ఒక గిన్నె వేరే ఉంచండి. నమాజుకు ఈద్‌గాహ్‌కు నడవగలిగినవారు నడిచే వెళ్ళండి. ఇంటింటికీ మోటారు సైకిలు మీద తిరగడంకంటే కాలినడకన తిరిగితే సలాములూ ఎక్కువ, అరుగుదలా ఎక్కువ.

ధర కట్టిన కంచె మళ్ళీ రాదు, రావాలని కోరుకోవడమూ న్యాయం కాదు. పేదవాడి కప్పులో కూడా తీపి పడుతున్నదంటే అది సంతోషించవలసిన విషయమే. ఇక కంచె మనమే కట్టుకోవాలి, పండుగ దగ్గర కాదు, మామూలు రోజుల దగ్గర. చెరకు పండించే ప్రాంతం మనది. గడ తీయగా ఉంది కదా అని వేళ్ళతో సహా ఎవరూ నమలరు. ఎక్కడ విరవాలో మనకు ఒకరు చెప్పాలా!