షెడ్యూల్డు తెగల గుర్తింపు: ఖమ్మం–భద్రాచలం ప్రాంతం

ఒకరు షెడ్యూల్డు తెగకు (ఎస్టీ) చెందినవారని మన దగ్గర చెప్పేది ఎస్టీ ధ్రువపత్రం. రాజ్యాంగం 342వ అధికరణం కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వెలువడిన జాబితా దీనికి ఆధారం. జాబితా రాష్ట్రానికో రకం. తొలినాళ్లలో ఒకే రాష్ట్రంలోనూ ప్రాంతాన్ని బట్టి మారేది.

ఆ తేడా ఎక్కువగా లంబాడాల మీద పడింది. 1956 నాటికే ఆంధ్ర ప్రాంతంలోని సుగాలీలు, లంబాడీలు ఎస్టీలు. ఖమ్మం, ఖానాపురం హవేలి వైపు ఉన్న తెలంగాణ లంబాడాలు కారు. భద్రాచలం అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. తెలంగాణ లంబాడాలను 1976 సవరణ చట్టం జాబితాలో చేర్చింది. దీనిపై కోయ, గోండు సంఘాల అభ్యంతరం 2017లో పెద్ద ఉద్యమమైంది. కోయల పద్దు కూడా మారుతూ వచ్చింది: డోలి కోయ, గుత్త కోయ, కమ్మర కోయ, ఒడ్డి కోయ వంటి పేర్లు 2002 సవరణ చట్టంతోనే అందులోకి ఎక్కాయి.

బోగస్ ధ్రువపత్రాలను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1993లో చట్టం చేసింది. తాను ఫలానా తెగవాడినని రుజువు చేసుకోవాల్సిన భారం దాని ప్రకారం దరఖాస్తుదారుదే. ఆస్తి పత్రాలు, బడి రికార్డులు ఉన్న ఇంటికి ఇది పెద్ద కష్టం కాదు. అవేవీ లేని గూడేలకు మాత్రం గోడే.

ఆ గోడకు అవతల మిగిలినవారు గుత్తికోయలు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సాగిన సాయుధ దాడులు) మొదలయ్యాక ఊళ్లు వదిలి, సరిహద్దు దాటి ఈ అడవుల్లోకి వచ్చారు. కొందరికి ఆధార్, రేషన్ కార్డులు దక్కాయి. ఎస్టీ ధ్రువపత్రం దక్కలేదు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా కోరలేరని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి కుటుంబం స్థిరనివాసం ఏ రాష్ట్రమో, బిడ్డ హోదా కూడా ఆ రాష్ట్రానిదే. బిడ్డ ఎక్కడ పుట్టినా అంతే. భూమి విషయంలోనూ వారికి దారి మూసుకుంది: అటవీ హక్కుల చట్టం సాగుకు పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. ఆ తర్వాత పోడు కొట్టిన భూమికి పట్టా రాదు.

ప్రాణభయంతో వచ్చినవారి పిల్లలకు చదువుకోసం, ఉపాధికోసం వచ్చినవారి నిబంధననే వర్తింపజేయడం అన్యాయం. ఇక్కడే పుట్టిన పిల్లలకైనా మినహాయింపు ఇవ్వాలి. అందుకు పార్లమెంటే కదలాలి: ఒకసారి వెలువడిన జాబితాలో పేరు చేర్చాలన్నా, తీసేయాలన్నా ఆ అధికారం పార్లమెంటుకే ఉంది.