ముడుల త్రాడు

నేలపై దూరమును తెలుపుటకు రాళ్లు పాతవచ్చును. కడలిపై నేమి పాతగలము? ఆంగ్లనావికులు పొడవైన త్రాటికి ముడులు వేసి, కొనకు కొయ్యపలక కట్టి, నీట విడిచెడివారు. ఇసుక గడియారమున అరనిమిషము గడచులోపల నెన్ని ముడులు చేతినుండి జారునో, ఓడ గంటకన్ని మైళ్లు పోవుచున్నదని లెక్క. ఓడ వేగమును నేటికిని 'నాట్', అనగా ముడి, యనుట యిందువలననే.

ముడికిని ముడికిని నడుమ 42 అడుగులు. ఉత్తరదక్షిణములుగా భూమిపై నొక డిగ్రీ 60 మైళ్లనియు, మైలు సుమారు 5000 అడుగులనియు ననుకొనుటయే దాని కాధారము. వాడుకయే ప్రమాణమయ్యెను.

రిచర్డు నార్వుడ్డను గణితోపాధ్యాయుడు దీనిని పరీక్షింపబూనెను. 1633లో లండనునందును, 1635లో యార్కునందును మధ్యాహ్నసూర్యుని యున్నతిని చూచి, నడిమి దారిని గొలుసుతోను, కొన్నిచోట్ల నడకతోను కొలిచెను. డిగ్రీకి 367,196 అడుగులు తేలినవి. నేటి లెక్కకును దానికిని నూటికొక పాలు కూడ భేదము లేదు! 1637లో నాతని గ్రంథము వెలువడెను. ఆ లెక్కను మైలు 6120 అడుగులు. ముడికి 51 అడుగులుండవలెను.

అయినను పెక్కండ్రు నావికులు కురుచముడిని విడువరైరి. అది యోడను ఉన్నచోటికంటె ముందున్నట్లు చూపును. కావున దరి చేరకమున్నే మెలకువతో నుందుమని వారి వాదము. భయము కొంత కాపాడును, నిజమే. కాని తానున్న చోటెరుగనివానికి త్రోవ యెట్లు తెలియును?

1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయసభ నావికమైలును 1852 మీటర్లుగా నిర్ణయించెను. తాతలనాటి త్రాడని గౌరవింపుదము. ఓడను దాని కప్పగించుటకు ముందు మాత్రము కొలిచి చూతము.