కడచూపు దక్కని దుఃఖం

రాయపూర్‌లోని మోవా పేటలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. అది 2021 ఏప్రిల్. ఆ నెల 9 నుంచి జిల్లా అంతటా లాక్‌డౌన్. విజయనగరంలో తల్లి కోవిడ్‌తో పోయిందని ఫోను వచ్చింది. మామూలు రోజులైతే రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి చేరేవారే. అప్పుడు కదలలేకపోయారు. చేరినా ఏం చేయగలరు? కోవిడ్ మృతదేహానికి స్నానం చేయించరాదనీ, దాన్ని తాకరాదనీ కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే నిబంధనలు పెట్టింది. ఏళ్లు గడిచినా, "అమ్మ ఊళ్లోనే ఉన్నట్టుంది" అని ఆ ఇంటివారు అంటే మనం ఆశ్చర్యపోనక్కరలేదు. ఇలాంటి దుఃఖాన్ని శాస్త్రం ఎలా అర్థం చేసుకుంటూ వచ్చిందో చూద్దాం.

కథ వియన్నాలో మొదలవుతుంది. దుఃఖం రోగం కాదని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసంలో స్పష్టంగా చెప్పాడు. పోయినవారి మీది మమకారాన్ని మనసు కొంచెం కొంచెంగా వెనక్కు తీసుకుంటుందనీ, ఆ పని పూర్తయితే మనిషి తేరుకుంటాడనీ ఆయన సిద్ధాంతం. మూడేళ్లకే ఆ సిద్ధాంతానికి పరీక్ష ఎదురయింది. 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ హాంబర్గ్‌లో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించింది. యుద్ధానంతర పరిస్థితుల్లో రైళ్లు లేక తల్లిదండ్రులు అంత్యక్రియలకు వెళ్లలేకపోయారు. నూరేళ్ల తరువాత మోవాలో జరగగలిగిందే అప్పుడు వియన్నాలో జరిగింది! 1929లో, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు ఫ్రాయిడ్ ఒక ఉత్తరం రాశాడు. పోయినవారి స్థానాన్ని మరేదీ పూర్తిగా నింపలేదనీ, నింపకపోవడమే సరైనదనీ అందులో ఒప్పుకున్నాడు. సిద్ధాంతకర్త చెప్పలేకపోయింది తండ్రి చెప్పాడన్నమాట.

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. అక్కడి మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్, ఆ ప్రమాద బాధితులతో సహా ఆప్తులను కోల్పోయిన 101 మందిని పరిశీలించి 1944లో ఫలితాలు వెల్లడించాడు. గొంతు పూడుకుపోవడం, పదేపదే నిట్టూర్పులు, కడుపులో ఏదో ఖాళీ అయిన భావన, ఒంట్లో సత్తువ లేకపోవడం: ఇవన్నీ అలలుగా వచ్చి పోతుంటాయని తెలిసింది. దుఃఖం మనసుకే కాదు, ఒంటికి కూడా తగులుతుందని శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది. కాని వైద్యుడి సాయంతో కొద్ది వారాల్లో ఇది సర్దుకుంటుందన్న ఆయన అంచనా తరువాతి పరిశోధనల్లో నిలవలేదు.

ఇక 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ చెప్పిన అయిదు దశల సంగతి మీరు వినే ఉంటారు: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఆమె మాట్లాడింది ప్రధానంగా మరణశయ్య మీద ఉన్న రోగులతో. లోకం మాత్రం ఆ దశలను బతికి ఉన్నవారి దుఃఖానికి మెట్లుగా మార్చేసింది. అందరూ ఆ మెట్లను వరుసగా ఎక్కుతారనడానికి గట్టి ఆధారాలు లేవు. అందుచేత "నాకింకా కోపం రాలేదేమిటి?" అని ఎవరూ కంగారు పడనక్కరలేదు.

మెట్ల లెక్కకు అసలే అందని దుఃఖం మన కృష్ణాజిల్లాలోనే కనబడింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికార లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000. ఎన్నో శవాలను గుర్తుపట్టే వీలులేక సామూహికంగా దహనం చేశారు. కొందరి ఆచూకీయే దొరకలేదు. శవం కనబడకపోతే పోయారని నమ్మేదెలా? నమ్మకపోతే కర్మ చేసేదెలా? వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించిన పాలిన్ బాస్, ఇలాంటి తేలని నష్టానికి 1970లలోనే ఒక పేరు పెట్టింది: అస్పష్ట నష్టం. ఇక్కడ చిక్కు మనిషి బలహీనతలో లేదు, పరిస్థితిలోనే ఉందని ఆమె వాదన.

1996లో మరికొందరు పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. పోయినవారితో బంధం తెగనక్కరలేదు, రూపం మార్చుకుని కొనసాగవచ్చునన్నారు. ఏటా తద్దినం పెట్టే మనకు ఇది కొత్త మాటేమీ కాదు. 1999లో స్ట్రోబ్, షట్ అనే పరిశోధకులు, మనిషి కాసేపు దుఃఖంలోనూ కాసేపు రోజువారీ పనుల్లోనూ ఊగిసలాడుతూ కుదుటపడతాడని సూచించారు. ఉదయం ఏడ్చిన ఇంట్లో మధ్యాహ్నం నవ్వు వినబడితే తప్పు కాదు.

అయితే ఎంత దుఃఖమైనా సహజమేనని వదిలేయరాదు. ఆరు నెలలు దాటినా తగ్గకుండా, బతుకు సాగనివ్వనంత తీవ్రమైన వేదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 2022 నుంచి చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తోంది. ఆయా సమాజాల ఆచారాలను లెక్కలోకి తీసుకోవాలని కూడా చెప్పింది. అలాంటప్పుడు 14416 నంబరుకు ఫోను చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితంగా సలహా ఇస్తుంది.

కడచూపు దక్కనివారి ఇంటికి వెళితే, "మరచిపోండి" అనకండి. పోయినవారి పేరు పెట్టి, వారి గురించి అడగండి. చెప్పనివ్వండి. ఆ రోజు జరగని వీడ్కోలు, ఆలస్యంగానైనా అక్కడ మొదలవుతుంది.