వలయం నడుమ శ్రామిక మహిళ

శ్రమించే స్త్రీకి కష్టాలు రెండు విధాలు. చేసిన పనికి తక్కువ కూలి దక్కడం మొదటిది. పనికి వెళ్లినందుకే లోకం చిన్నచూపు చూడడం రెండవది. మొదటిదానిని సరిదిద్దేందుకు 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. రెండవది చట్టానికి అంత సులభంగా లొంగేది కాదు. దాని ఉనికి ఇరుగుపొరుగు మాటల్లో, ఇంటి గడపలో, కర్మాగారం గేటు ముందు కనిపిస్తుంది. ఆ చోట్లకే వెళ్లి దానిని ఎదుర్కొన్న కళారూపం వీధి నాటకం. ఢిల్లీలోనూ పరిసర పారిశ్రామిక వాడల్లోనూ సాగిన ఈ కృషికి జన నాట్య మంచ్ చరిత్ర చక్కని నిదర్శనం.

1943లో ఆవిర్భవించిన 'ఇప్టా' ఉద్యమం ప్రజానాట్యమండలి రూపంలో తెలుగువారికి సుపరిచితమే. ఆ వారసత్వం నుంచే 1973లో ఢిల్లీలో జన నాట్య మంచ్ పుట్టింది. తొలినాళ్లలో ఈ బృందం పెద్ద వేదికలపై నాటకాలు ప్రదర్శించేది. అత్యవసర పరిస్థితి ముగిసేనాటికి అటువంటి ప్రదర్శనల ఖర్చు భరించే శక్తి కార్మిక సంఘాలకు లేకపోయింది. తెరలూ దీపాలూ అక్కరలేని పొట్టి నాటకం అవసరమైంది. 1978లో వచ్చిన 'మెషీన్' ఆ అవసరానికి సమాధానం. సైకిళ్లు నిలుపుకునే చోటు, టీ కాచుకునే వసతి కోరిన ఘాజియాబాద్ కార్మికులపై జరిగిన కాల్పులు ఆ నాటకానికి ప్రేరణ.

మరుసటి ఏడాది, 1979లో, ఉత్తర భారత శ్రామిక మహిళల సదస్సు కోసం 'ఔరత్' రూపొందింది. సఫ్దర్ హష్మీ, రాకేష్ సక్సేనా దీని రచయితలు. కూతురు, భార్య, విద్యార్థిని, కార్మికురాలు ఇందులో వరుసగా కనిపిస్తారు. బయట దోపిడీకి గురయ్యే పురుషుడే ఇంట్లో భార్యపై అధికారం చెలాయించడాన్ని ఈ నాటకం దాచలేదు. ప్రేక్షకుల్లో అధికులు కార్మికులే అయినచోట ఆ మాట చెప్పడం సాహసమే. శ్రామిక స్త్రీని జాలిపడదగిన వ్యక్తిగా కాక, తన మాట తానే చెప్పుకోగల మనిషిగా నిలపడం దీని విశిష్టత.

వీధి నాటకంలో ప్రేక్షకులు నటుల చుట్టూ వలయంగా చేరతారు. ఎదురుగా నిలబడినవారి ముఖం నటులకూ తోటి ప్రేక్షకులకూ కనిపిస్తూనే ఉంటుంది. నాటకం ముగిశాక దుప్పటి పరచి చందాలు అడుగుతారు. ప్రేక్షకులు వేసే చిల్లర డబ్బులే తరువాతి ప్రదర్శనకు ఆధారం. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ మరో అడుగు ముందుకు వేసి, ప్రేక్షకుడే ప్రదర్శనలోకి వచ్చి కథను మార్చే పద్ధతిని రూపొందించాడు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో ఏర్పడిన జన సంస్కృతి ఆ మార్గాన్ని అనుసరించింది. ఢిల్లీ బృందం పద్ధతి వేరు. అయినా చూసేవారిని ఊరక కూర్చోనివ్వకపోవడం రెంటికీ సమానమే.

1989 జనవరి 1న సాహిబాబాద్ సమీపాన ఝండాపూర్‌లో 'హల్లా బోల్' ప్రదర్శిస్తున్న బృందంపై దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. తీవ్రంగా గాయపడిన హష్మీ మరునాడు మరణించాడు. జనవరి 4న ఆయన భార్య, నటి మలయశ్రీ, బృందంతో అదే స్థలానికి తిరిగి వచ్చి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేసింది. నిందకూ భయానికీ గురి ఒక్కటే. స్త్రీని వీధి నుంచి ఇంట్లోకి మళ్లించడమే వాటి పని. ఆనాటి ప్రదర్శన ఆ రెంటికీ సమాధానం.

పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఇళ్లలో పనిచేసే స్త్రీలకూ రక్షణ కల్పించింది. అయినా ఇంటిని శుభ్రపరిచే మనిషికి వేరే గ్లాసు కేటాయించే అలవాటు చట్టంతోనే పోదు. నాటకం కూలిని పెంచలేదు, చట్టాన్ని అమలు చేయలేదు. అయితే అందరూ చూస్తుండగా ఆ గ్లాసును వలయం నడుమ ఉంచి, ఇది ఎందుకని అడగగలదు. చిన్నచూపు చూసినవారు కూడా ఆ వలయంలోనే నిలబడి సమాధానం వెతుక్కోవలసి వస్తుంది. వీధి నాటకం సాధించగల మేలు అదే.