కాంట్రాక్టర్ మారినా హక్కు పోదు: పటాన్‌చెరు, సంగారెడ్డి కంపెనీల్లో మహిళా కార్మికులకు చట్టం ఇచ్చిన రక్షణలు

తెల్లవారకముందే ఇస్నాపూర్ చౌరస్తా మేలుకుంటుంది. కంపెనీ బస్సుల కోసం, షేర్ ఆటోల కోసం నిలబడ్డవారిలో చున్నీ కప్పుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, చీర కొంగు బిగించి టిఫిన్ డబ్బా పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, రుద్రారం చుట్టూ ఉన్న కంపెనీల్లో ప్యాకింగ్, క్లీనింగ్, క్యాంటీన్, ల్యాబ్ పనుల్లో మహిళలు ఉన్నారు. వీరిలో చాలామంది కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నవాళ్లు. జీతం తక్కువ పడినా, కడుపుతో ఉందని పనిలోంచి తీసేసినా, సూపర్‌వైజర్ చెడుగా ప్రవర్తించినా "మనం కాంట్రాక్టు వాళ్లం కదా, ఎవర్ని అడుగుతాం" అనే మాటే ముందు వినిపిస్తుంది.

ఆ మాట నిజం కాదు. కింద చెప్పిన రక్షణలు కాంట్రాక్టు కార్మికురాలికీ వర్తిస్తాయి. కాకపోతే ఆమె అక్కడ పనిచేస్తోందని చూపే కాగితం ఉండాలి.

కాగితం ఎందుకు ముఖ్యం?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడును ఈ ప్రాంతం మరచిపోలేదు. ఆ ప్రమాదంలో 54 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. మృతుల్లో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లే. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఆ రోజు, ఆ షిఫ్టులో, ఆ గేటు లోపల మనిషి ఉన్నట్టు రాతలో ఉండటం ఎంత అవసరమో అలాంటి సమయంలోనే తెలుస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టం, ప్రసూతి ప్రయోజనాల చట్టం, ఈఎస్‌ఐ చట్టం వంటివి వీటిలో కలిసిపోయాయి. కొత్త కోడ్ ప్రకారం ప్రతి కార్మికురాలికీ నియామక పత్రం ఇవ్వాలి. పేరు, పని, జీతం రాసి ఉన్న ఆ కాగితం అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే గేటు పాస్, హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ, షిఫ్టు మెసేజ్‌లు దాచిపెట్టుకోవాలి. ఇవి కూడా సాక్ష్యమే.

జీతం, ఓవర్‌టైమ్

ఒకే రకం పనికి మగవారికి ఒక రేటు, ఆడవారికి ఇంకో రేటు ఇవ్వకూడదు. 1976 నుంచే చట్టంలో ఉన్న ఈ నిబంధన ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి. పనిలోంచి తీసేసినా, తానే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి చేసిన పని ఓవర్‌టైమ్ కింద లెక్క. దానికి కార్మికురాలి ఒప్పుదల ఉండాలి, రేటు మామూలు జీతానికి రెట్టింపు ఉండాలి.

కాంట్రాక్టర్ జీతం ఎగ్గొట్టి పోతే ఆ బాధ్యత అసలు కంపెనీదే. ముందు కంపెనీ చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసుకోవాలి. తాగునీరు, టాయిలెట్, క్యాంటీన్ వంటి వసతులు కాంట్రాక్టు మహిళలకు కల్పించడం కూడా అసలు కంపెనీ పనే. బకాయి జీతం కోసం మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయవచ్చు. కాబట్టి రెండు నెలలు గడిచాయని వదిలేయనక్కర్లేదు.

నైట్ షిఫ్టు

పాత ఫ్యాక్టరీల చట్టంలో రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు మహిళలతో పని చేయించడంపై ఆంక్ష ఉండేది. కొత్త కోడ్ ఆ తలుపు తెరిచింది, షరతులు కూడా పెట్టింది. మొదటిది, మహిళ సమ్మతి ఉండాలి. రెండోది, భద్రత, సెలవులు, పనిగంటలపై ప్రభుత్వం పెట్టిన షరతులను యాజమాన్యం పాటించాలి. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రి ఇంటి దాకా బండి ఉందా? షిఫ్టులో ఇంకా ఎంతమంది మహిళలున్నారు? లైట్లు, సెక్యూరిటీ ఎలా ఉన్నాయి? "మిగతావాళ్లంతా పెట్టారు, నువ్వూ పెట్టు" అని తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టకూడదు.

గర్భం, కాన్పు

పని ప్రాంతంలో ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. గర్భిణి అని తెలియగానే "రేపటి నుంచి రావద్దు" అంటారు, లేదా రాజీనామా రాయించుకుంటారు. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కారణంతో తీసేయడం చట్టవిరుద్ధం.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. కాన్పుకు ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా పడి ఉంటే, 26 వారాల పాటు పూర్తి సగటు జీతం ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి మరొకటి. 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు ఇస్తారు. గర్భస్రావం అయితే 6 వారాలు ఉంటుంది.

ఈఎస్‌ఐ పరిధిలో లేని మహిళ కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, ఆ డబ్బు యాజమాన్యమే ఇవ్వాలి. తిరిగి పనిలో చేరాక బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు దక్కుతాయి. 50 మంది ఉద్యోగులున్న చోట పిల్లల కోసం క్రెష్ ఉండాలి.

ఈఎస్‌ఐ కార్డు చేతికి రాకపోయినా నంబర్ వచ్చి ఉంటే వైద్యం అందుతుంది. ఈ ప్రాంతంవారికి రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామలను కూడా కుటుంబంలో చేర్చారు. ఉమ్మడి కుటుంబాల్లో కోడళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పని చేస్తూ గాయపడితే 70 రోజుల లెక్క చూడరు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా పరిహారం ఉంటుంది. తాత్కాలికంగా పనికి వెళ్లలేని రోజులకు సగటు జీతంలో 90 శాతం ఇస్తారు. మరణం సంభవిస్తే ఆధారపడినవారికి నెలనెలా పెన్షన్ వస్తుంది. కాంట్రాక్టర్ చందా కట్టకపోతే కట్టాల్సింది అసలు కంపెనీయే.

వేధింపులు జరిగితే

లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి ఉండాలి. పర్మినెంట్, కాంట్రాక్టు, రోజుకూలీ, ట్రైనీ అనే తేడా లేదు. కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా పనిస్థలం కిందికే వస్తుంది.

ఘటన జరిగిన 3 నెలల్లోపు రాసి ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఆ సమయంలో వేరే సెక్షన్‌కు మార్చమని, లేదా 3 నెలల వరకు సెలవు ఇప్పించమని బాధితురాలు కమిటీని కోరవచ్చు. ఆమె పేరు, వివరాలు బయటపెట్టడం నేరం. ఆరోపణ రుజువు కానంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. పరువు పోతుందని భయపడే కుటుంబాలు ఈ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

10 మంది కన్నా తక్కువ ఉన్న చిన్న యూనిట్లలో పనిచేసేవారు, యజమానిపైనే ఫిర్యాదు చేయాల్సినవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. కమిటీతో పాటు పోలీసులకూ ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

యంత్రం దగ్గర దుస్తులు, ప్రమాద హెచ్చరిక

తిరిగే బెల్టు, షాఫ్టు దగ్గర వదులు బట్ట ఏదైనా ప్రమాదమే. అది చీర కొంగైనా, చున్నీ అయినా, బురఖా అంచైనా ఒకటే. తల కప్పుకునేవారు పిన్నులు, వేలాడే చివరలు లేకుండా బిగుతుగా కట్టుకునే టోపీ తరహా హిజాబ్ గురించి సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది. గౌను, క్యాప్, మాస్క్, గ్లవ్స్ వంటి రక్షణ సామగ్రికి కార్మికురాలి దగ్గర డబ్బులు తీసుకోకూడదు.

వాసన, పొగ, అతి వేడి, దుమ్ము కనిపించి ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికి, భద్రతా కమిటీకి, ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. నలుగురు కలిసి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

జీతం, ఓవర్‌టైమ్ విషయాలకు కార్మిక శాఖ కార్యాలయం, యంత్రాలు, రసాయనాల ప్రమాదాలకు ఫ్యాక్టరీల శాఖ, చందా, వైద్యం సంగతులకు ఈఎస్‌ఐ కార్యాలయం ఉన్నాయి. అత్యవసరమైతే 112కు, మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయాలి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే వకీలు ఫీజు గురించి భయం వద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. సంగారెడ్డిలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ కూడా చేయవచ్చు.

ఇంట్లోవాళ్లు ఈ రోజే చేయగల పని ఒకటుంది. కంపెనీ పేరు, కాంట్రాక్టర్ పేరు, ఈఎస్‌ఐ నంబర్, పీఎఫ్ నంబర్, గేటు పాస్ ఫోటో, షిఫ్టు టైమ్ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉండాలి. పనికి వెళ్లిన మనిషి ఏ గేటు లోపల ఉందో ఇంట్లో ఒక్కరికైనా కచ్చితంగా తెలిసి ఉండాలి.