పెద్దచెరువు మజిలీ

నేడు సికింద్రాబాదునుండి తెల్లవారుజామున బస్సులో బయలుదేరినవారు మధ్యాహ్నమునకెల్ల శ్రీశైలము చేరి మల్లికార్జునుని దర్శించుకొనగలరు. మన్ననూరు దాటి అడవి చొచ్చినను, కృష్ణను దాటి కొండ నెక్కినను, కూర్చున్నచోటునుండి కదలవలసిన పని లేదు. మన పూర్వులకు ఈ యాత్ర దినములతరబడి కాలినడక. అందులో ఒక రాత్రి మజిలీ మిక్కిలి ముఖ్యమైనది. ఆ మజిలీని గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట ఆలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. మన జంటనగరముల వారికి ఉత్తరద్వారమే దగ్గర. అయినను కర్ణాటక, రాయలసీమల యాత్రికులు తరతరములుగా నడచినది ఆత్మకూరు త్రోవ. ఆత్మకూరు విడిచినవారు నల్లమల పాదమున నున్న నాగలూటి వీరభద్రుని సేవించి, రాతిమెట్లమీదుగా కొండ నెక్కి, అడవి నడుమనున్న పెద్దచెరువు చేరుదురు. ఆవల నున్నది భీమునికొలను. అచ్చట దారి లోతైన లోయలోనికి దిగి, మరల నిటారుగా కైలాసద్వారము వరకు లేచును. త్రోవయంతటిలో కఠినమైన యెక్కుడు ఇదియే.

కావుననే పెద్దచెరువుకడ రాత్రి నిలుచుట ఆచారమయ్యెను. శివరాత్రి మొదలు ఉగాది వరకు యాత్రాకాలము. ఆ దినములలో ప్రొద్దెక్కినకొలది బండలు కాగును. చీకటిలో లోయ దిగుట ప్రమాదము. అడవిలో పెద్దపులుల భయము. చెరువునీట వంట చేసికొని, నెగళ్ళు వేసికొని, తెల్లవారుటకై వేచి యుండుటయే ఉపాయము. ఒంటరిగా వచ్చినవాడును, ముసలితల్లిని వెంటబెట్టుకొని వచ్చినవాడును, ఆ రాత్రి ఒక గుంపులో చేరవలసినదే. మరునాటి యెక్కుడులో కాలు తడబడినవారికి చేయూత ఆ గుంపే గదా!

ఈ దారిని సుగమము చేయుటకు రాజులును పాటుపడిరి. 14వ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి, శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించి కీర్తి గడించెను. గోపురము నెత్తించుట యెంత పుణ్యమో, ముసలివాని కాలిక్రింద ఒక మెట్టు పరచుటయు అంత పుణ్యమని మన పెద్దలు తలచిరి.

1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు శ్రీశైలమును దర్శించి, పిదప హైదరాబాదు, సికింద్రాబాదుల మీదుగా ఉత్తరమునకు సాగిరి. ఆ యాత్రావృత్తాంతము 1838లో పుస్తకరూపమున వెలువడినది. నాడు ఆత్మకూరు ప్రాంతము కందనవోలు నవాబు యేలుబడిలో నుండెను. కొండ నెక్కుటకు ముందే యాత్రికులు సుంకము చెల్లింపవలసి యుండెను. ధనవంతునకు అది చిన్నమాట. పేదవానికి ఆ సుంకము కొండకంటెను కఠినమైన కనుమ.

మెట్లు కట్టించిన రాజు పేరు మనకు తెలియును. యాత్ర వ్రాసిన పండితుని పేరును తెలియును. ఆ అడవిలో నీటిజాడ, జంతువుల జాడ ఎరిగి, తరతరములుగా యాత్రికులకు దారిచూపిన చెంచుల పేర్లు మాత్రము మనకు తెలియవు. నేటికిని వేలకొలది భక్తులు, విశేషించి కన్నడదేశమువారు, శివరాత్రికిని ఉగాదికిని ఆ త్రోవనే నడచి వచ్చుచున్నారు. పెద్దచెరువుకడ చెంచుగూడెము నేటికిని ఉన్నది. శ్రీశైల చరిత్ర చదువునపుడు శాసనములతోపాటు ఆ గూడెమును కూడ మనము తలచుకొనుట న్యాయము.